మామయ్యగారి మాత్రల అలక

మా ఇంట్లో సరుకుల చీటీ ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద వేలాడుతూ ఉంటుంది. అయిపోయినవి అయిపోయినట్టు నేను రాస్తూ పోతాను. నెలాఖరుకి అది మూర పొడుగవుతుంది. పాతికేళ్లుగా ఆ చీటీ మీద నా చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడలేదు. 2024 మార్చి 15 పొద్దున మొదటిసారి పడింది. అదీ ఎర్ర పెన్నుతో!

ఆ చెయ్యి మా మామయ్యగారిది. అప్పటికి ఆయనకి ఎనభై రెండేళ్లు. బందరు మనిషి. ముప్పై నాలుగేళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పేపరు చదవడం ఆయనకి కాలక్షేపం కాదు, డ్యూటీ. భూతద్దం, ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుని జవాబు పత్రాలు దిద్దినట్టే చదువుతారు. ఆ శుక్రవారం పేపర్లో ఎన్నికల బాండ్లు కొన్నవాళ్ల పేర్లు వచ్చాయి. భూతద్దానికి చేతినిండా పని.

బాండ్ల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఏ కంపెనీ అయినా స్టేట్ బ్యాంకుకి వెళ్లి బాండు కొనుక్కోవచ్చు. వెయ్యి రూపాయల దగ్గర్నుంచి కోటి రూపాయల దాకా ఐదు రకాలు. తీసుకెళ్లి నచ్చిన పార్టీకి ఇస్తే, పార్టీ పదిహేను రోజుల్లోగా దాన్ని డబ్బు చేసుకోవాలి. ఎవరు కొన్నారో బ్యాంకుకి తెలుస్తుంది. ఓటేసే మనకి మాత్రం తెలియదు. 2018 మార్చి నుంచి 2024 జనవరి దాకా ముప్పై విడతల్లో రూ.16,518 కోట్ల బాండ్లు అమ్ముడయ్యాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తులూ ఒకే మాటగా ఈ పథకం చెల్లదన్నారు. వివరాలివ్వడానికి బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగితే, కుదరదు, రేపే ఇమ్మన్నారు. అలా మార్చి 14 రాత్రికి జాబితా బయటికొచ్చింది.

"అమ్మాయ్, మన చీటీ ఒకసారి ఇటు పట్రా" అన్నారు మామయ్యగారు. కాఫీ కోసం పిలుస్తున్నారనుకుని వెళ్తే, చీటీ అడుగుతున్నారు! "మన డబ్బు మనకి తెలియకుండా ఎవరెవరి జేబుల్లోకి పోతోందో చూద్దాం."

వరసగా చూశారు. బియ్యం, కందిపప్పు, చింతపండు... వీటికి కంపెనీ ఏముంది! వంటనూనె, సబ్బులు, టీపొడి... మేం వాడేవాటిలో ఆయన భూతద్దానికి ఒక్కటీ చిక్కలేదు. మాస్టారు కాస్త నిరాశ పడ్డట్టే కనిపించారు. అందరూ పాసైపోతే పేపరు దిద్దిన తృప్తి ఏముంటుంది? చీటీలో లేనివాటి మీద పడ్డారు. ఫోను? భారతీ ఎయిర్‌టెల్ పేరుంది. మా ఇంట్లో రెండు సిమ్ములు వాళ్లవే. స్కూటరు టైర్లు? అపోలో టైర్స్ ఉంది. విమానం? ఇండిగో ఉంది, స్పైస్‌జెట్ ఉంది. సినిమా? పీవీఆర్ ఉంది. "అక్కడికెళ్లడం మనం ఎప్పుడో మానేశాం తాతా" అన్నాడు మావాడు, "పార్టీని చూసి కాదు, పాప్‌కార్న్ ధర చూసి!"

అంతవరకూ నవ్వులాటే. తర్వాత ఆయన లేచి వెళ్లి తన మందుల డబ్బా తెచ్చుకున్నారు.

బీపీకి ఒకటి, షుగరుకి రెండు, రక్తం పలచబడడానికి ఒకటి. స్ట్రిప్పులు ఒక్కొక్కటీ తిప్పి చూశారు. ఆ జాబితాలో మందుల కంపెనీలకి కొదవ లేదు. అందులోనూ మన హైదరాబాదువే అరడజను దాకా ఉంటాయి. మామయ్యగారి బీపీ మాత్ర చేసే కంపెనీ పేరు అందులో కోట్లలో ఉంది. పేరు నేను రాయను. ఇచ్చినప్పుడు అది చట్టం ఒప్పుకున్న పనే కాబట్టి వాళ్లొక్కళ్లనే బోనెక్కించడం న్యాయం కాదు. మామయ్యగారు మాత్రం ఎక్కించేశారు. "పదకొండేళ్లుగా మింగుతున్నాను. రోజుకొకటి. ఇందులో ఎన్ని పైసలు ఎవడి సభకి జనాన్ని తోలుకురావడానికి పోయాయో!" అని డబ్బా మూత టప్పున వేశారు.

ఆ మూత మూడు రోజులు తియ్యలేదని మాకు తెలియదు.

సోమవారం పొద్దున స్నానాల గదిలోంచి బయటికొస్తూ గోడ పట్టుకుని నిలబడిపోయారు. కళ్లు తిరుగుతున్నాయన్నారు. మిషను పెట్టి చూస్తే పై అంకె నూట తొంభై దాటింది. మావారు ఆఫీసు మానేసి డాక్టరు దగ్గరికి పరిగెత్తించారు. డాక్టరుగారు అంతా విని ఒక్క క్షణం నవ్వాలో తిట్టాలో తెలియనట్టు చూసి, చివరికి తిట్టారు. "మాస్టారూ, మీకు కంపెనీ మీద కోపముంటే నాకు చెప్పండి, అదే మందు ఇంకో కంపెనీది రాస్తాను. అంతేగానీ బీపీ మాత్ర మీద అలిగితే పార్టీకి పోయేదేం లేదు, పోయేది మీకే" అన్నారు. ఇదే మాట నేనూ ఇంట్లో అన్నాను. కాకపోతే కోడలి మాట కదా, డాక్టరు చీటీ మీద ఉంటేగానీ చెల్లదు.

వేరే కంపెనీ మాత్ర రాశారు. మందుల షాపు అబ్బాయి స్ట్రిప్పు చేతిలో పెట్టగానే మామయ్యగారు భూతద్దం తీశారు. ముందువైపు ఒక పేరుంది. వెనకవైపు చీమల బారులాంటి అక్షరాల్లో తయారుచేసినవారు ఒకరు, మార్కెట్ చేసేవారు ఇంకొకరు. తయారీ హిమాచల్‌లోని బద్దిలో. ఆ తయారుచేసే కంపెనీ ఎవరిదో, ఎవరికి చందా ఇస్తుందో! "తాతగారూ, ఇవి అన్నీ ఇంతేనండీ. పేరొకళ్లది, వంట ఒకళ్లది" అన్నాడా అబ్బాయి.

నాకు నిజంగా ఆలోచన మొదలైంది అక్కడే. మామయ్యగారి నాన్నగారు సహాయ నిరాకరణ రోజుల్లో బందరు నడివీధిలో తన సీమగుడ్డ చొక్కా మంటల్లో పడేశారట. అంతకుముందు 1907లో బిపిన్ చంద్రపాల్ మన రాజమండ్రి, బెజవాడ, బందరు ఊళ్లు తిరిగి స్వదేశీ గురించి ఉపన్యాసాలిచ్చి వెళ్లాక, ఏ కొట్లో ఏ గుడ్డ కొంటున్నావన్నది రాజకీయమైపోయింది. కానీ ఆ రోజుల్లో ఒక సుళువుంది. గుడ్డ పట్టుకుంటే తెలిసిపోయేది, ఇది మాంచెస్టరు మిల్లుదా, పొందూరు రాట్నానిదా అని. వద్దనుకుంటే కట్టుకోవడం మానేస్తే సరి. ఇప్పుడు సబ్బు పట్టుకుంటే సబ్బులాగే ఉంటుంది. దాని వెనక డబ్బు ఎటు వెళ్లిందో సబ్బు చెప్పదు.

చెప్పే దేశం ఒకటుంది కదా, అక్కడివాళ్లేం చేస్తున్నారు? మా అక్క కూతురు 2009లో పెళ్లై అమెరికాలోని మినియాపోలిస్ వెళ్లింది. ఆదివారం ఫోన్ చేసినప్పుడు తాతగారి అలక సంగతి చెబితే పకపకా నవ్వి, "పిన్నీ, నేనూ ఒకసారి అలిగాను" అంది.

అక్కడ ఎన్నికల చందాలకి లెక్కుంటుంది. జాతీయ ఎన్నికల్లో ఒక అభ్యర్థికి రెండు వందల డాలర్లు దాటి ఇచ్చినవాళ్ల పేరు, ఉద్యోగం, పనిచేసే కంపెనీ అన్నీ అందరూ చూడొచ్చు. కంపెనీలు అభ్యర్థులకి నేరుగా ఇవ్వకూడదని 1907 నుంచీ చట్టం. మన దగ్గర పాల్‌గారు తిరిగిన సంవత్సరమే! 2004 అధ్యక్ష ఎన్నికల సమయానికల్లా ఈ లెక్కలు తిరగేసి, ఏ దుకాణం ఏ పార్టీ మనిషిదో జాబితాలు కట్టడం మొదలుపెట్టారు. నీలం రంగు దుకాణాలు డెమొక్రాట్లవి, ఎర్ర రంగువి రిపబ్లికన్లవి. కొనేవాళ్లు రంగు చూసి కొనుక్కోవాలన్నమాట.

2010 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు, అభ్యర్థి చేతికి ఇవ్వకుండా విడిగా ప్రచారానికి ఖర్చుపెట్టేట్టయితే కంపెనీలకి హద్దు లేదని తీర్పు చెప్పింది. ఆ ఏడే మినసోటా గవర్నరు ఎన్నిక. మన పిల్లలందరికీ తెలిసిన టార్గెట్ దుకాణాల ప్రధాన కార్యాలయం మినియాపోలిస్‌లోనే. ఆ కంపెనీ ఒక వ్యాపార బృందానికి లక్షా యాభై వేల డాలర్ల చందా ఇచ్చింది. ఆ బృందం టామ్ ఎమర్ అనే రిపబ్లికన్ అభ్యర్థికి ప్రచారం చేసింది. స్వలింగ వివాహాలకి ఆయన వ్యతిరేకి. టార్గెట్టేమో స్వలింగ సంపర్కులైన ఉద్యోగులను బాగా చూసుకుంటుందని పేరున్న కంపెనీ. ఇంకేం, కొనేవాళ్లు భగ్గుమన్నారు. దుకాణాల ముందు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఆగస్టుకల్లా కంపెనీ పెద్ద గ్రెగ్ స్టెయిన్‌హాఫెల్ తన ఉద్యోగులకి క్షమాపణ ఉత్తరం రాయాల్సొచ్చింది. ఎమర్ తొమ్మిది వేల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. దుకాణం గొడవ వల్లేనని నేననను. ఓడిపోవడానికి వంద కారణాలుంటాయి.

మా పిల్ల ఏం చేసిందంటారా? ఆఫీసులో స్నేహితురాళ్లతో కలిసి టార్గెట్ మానేసింది. ఇంకో పెద్ద దుకాణానికి వెళ్లింది. ఆ దుకాణం చందాల లెక్క తీస్తే రెండు పార్టీలకీ ఇచ్చి ఉంది. ఇంకోటి చూస్తే, అది కంపెనీ ఇచ్చింది కాదు, అందులో పనిచేసేవాళ్లు సొంత జేబులోంచి ఇచ్చింది. అవన్నీ కలిపి దుకాణానికి రంగు పూసేశారు. "మా ఆయన ఆఫీసుకీ అలాగే ఏదో రంగు వేసుంటారు, మేం పైసా ఇవ్వకపోయినా" అంది. హోమ్ డిపో సంగతీ అంతే. దాన్ని స్థాపించినవాళ్లలో ఒకడైన బెర్నీ మార్కస్ 2002లోనే తప్పుకున్నాడు. 2019లో ట్రంప్‌కి మద్దతిస్తానంటే, జనం ఆ దుకాణం మానేద్దామన్నారు. ఆయన మా కంపెనీలో లేడు మొర్రో అని కంపెనీ చెప్పుకోవాల్సొచ్చింది.

"మరి నీ అలక ఎన్నాళ్లు నడిచిందే?" అన్నాను. "బాబు పుట్టేదాకా. ఓ రాత్రి తొమ్మిదిన్నరకి డైపర్లైపోయాయి పిన్నీ. పక్క వీధిలో ఉన్నది టార్గెట్టే!"

ఇటు మార్చి 21న మనకి రెండో జాబితా వచ్చింది. మొదటి జాబితాలో కొన్నవాళ్లు ఒకవైపు, తీసుకున్న పార్టీలు ఒకవైపు ఉన్నాయిగానీ, ఎవరు ఎవరికిచ్చారో లేదు. పెళ్లికొడుకుల పట్టీ ఒకటి, పెళ్లికూతుళ్ల పట్టీ ఒకటి ఇచ్చి, జంటలు మీరే ఊహించుకోండి అన్నట్టు! కోర్టు మళ్లీ గట్టిగా అడిగాక బాండు నంబర్లు బయటికొచ్చాయి. మావాడు కంప్యూటర్ ముందు కూర్చుని పావుగంటలో తాతగారి మందుల కంపెనీకి జంటలు కలిపేశాడు.

మామయ్యగారు నలభై ఏళ్లుగా ఒకే పార్టీకి ఓటేస్తున్నారు. ఇంకో పార్టీ పేరెత్తితే ఆయనకి మాత్ర వేసుకున్నా బీపీ పెరుగుతుంది. ఆ కంపెనీ రెండిటికీ ఇచ్చింది! అధికారంలో ఉన్నవాళ్లకి కాస్త ఎక్కువ, లేనివాళ్లకి కాస్త తక్కువ. మామయ్యగారు చాలాసేపు తెర వైపు చూసి, "అయితే ఇప్పుడు నన్నేం చెయ్యమంటావురా? సగం మాత్ర వేసుకోనా?" అన్నారు.

నవ్వాం గానీ, ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. ఇష్టమైన పార్టీకిచ్చినవాడి దగ్గర కొనాలి, గిట్టని పార్టీకిచ్చినవాడి దగ్గర మానాలి అన్నది వినడానికి బాగుంటుంది. అందరికీ ఇచ్చేవాణ్ణి ఏం చేస్తాం?

పైగా జాబితాలో పైవరస చూడండి. అందరికంటే ఎక్కువగా రూ.1,368 కోట్ల బాండ్లు కొన్నది ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ కంపెనీ. మన రెండు రాష్ట్రాల్లో లాటరీయే లేదు, ఇంక మానేసేదేముంది? రెండోది మన హైదరాబాదు మేఘా ఇంజనీరింగ్, రూ.966 కోట్లు. కాళేశ్వరంలో, పట్టిసీమలో పనులు చేసిన కంపెనీ. మేఘా వారి సరుకు మా కిరాణా కొట్లో దొరకదు. వాళ్లు కట్టిన మోటార్లు తోడిన నీళ్లు వద్దని ఏ రైతు కాలువకి అడ్డం కట్టుకుంటాడు? మూడోది క్విక్ సప్లై అని, రూ.410 కోట్లు. ఆ పేరు మా ఇంట్లోనే కాదు, మా వీధిలోనే ఎవరూ విన్నట్టు లేదు. గనులు, కరెంటు, రోడ్లు, సొరంగాలు... జాబితాలో పెద్ద పెద్ద అంకెలున్నచోట సంచీ పట్టుకుని వెళ్లి కొనే వస్తువు కనబడదు. వీటిలో చాలావాటికి ఖాతాదారు సర్కారే. సర్కారు ఇచ్చే బిల్లు మన పన్ను. కాబట్టి నేను సబ్బు మార్చినా, సిమ్ము మార్చినా, అసలు డబ్బు వేరే దారిన వెళ్తూనే ఉంటుంది. ఆ పదహారు వేల చిల్లర కోట్లని నూట నలభై కోట్ల మందికి పంచి చూశాను, తలకి నూట పద్దెనిమిది రూపాయలు. మా నలుగురికీ కలిపి నాలుగు వందల డెబ్బై రెండు. అది ఏ చీటీలో రాయను?

ఇదంతా విని మామయ్యగారు ఊరుకుంటే మాస్టారెలా అవుతారు? పాఠం మొదలుపెట్టారు. 1957లో టాటా ఉక్కు కంపెనీ పార్టీలకి చందాలిచ్చుకోవడానికి అనుమతి కోసం బొంబాయి హైకోర్టుకి వెళ్లిందట. చాగ్లా అని పెద్ద న్యాయమూర్తి. చట్టం అడ్డు చెప్పడం లేదు కాబట్టి సరే అంటూనే, ఇది ముందు ముందు ప్రజాస్వామ్యానికి ప్రమాదమని హెచ్చరించారట. 1960లో పార్లమెంటు ఒక పరిమితి పెట్టింది. 1969లో ఇందిరాగాంధీ కంపెనీల చందాలే వద్దని నిషేధించారు. నిషేధించాక ఆగాయా అంటే, నల్లడబ్బు రూపంలో బల్ల కిందికి దిగాయి. 1985లో రాజీవ్‌గాంధీ హయాంలో మళ్లీ తలుపులు తెరిచారు. 2013 చట్టంలో మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం దాటకూడదన్నారు, ఏ పార్టీకెంతో లెక్కల్లో రాయమన్నారు. 2017లో ఆ పరిమితీ తీసేశారు, పార్టీ పేరు రాయక్కర్లేదనీ అన్నారు. బాండ్లతోపాటు ఆ రెండిటినీ కూడా 2024లో కోర్టు కొట్టేసింది.

"ఆగండాగండి" అన్నారు మావారు హఠాత్తుగా. "అంటే ఇప్పుడు కంపెనీ ఏ పార్టీకిచ్చిందో తన లెక్కల్లో చూపించాలన్నమాటేగా? ఆ మందుల కంపెనీవి నా దగ్గర ఇరవై షేర్లున్నాయి."

ఇంట్లో బాంబు పడ్డట్టయింది. ఏ కంపెనీ మాత్ర మింగనని తండ్రి ప్రాణం మీదికి తెచ్చుకున్నారో, ఆ కంపెనీలో కొడుకు భాగస్తుడు! ఎప్పుడో స్నేహితుడు చెబితే కొని మర్చిపోయారట. మామయ్యగారు కొడుకుని చూసిన చూపు నేను ఇక్కడ వర్ణించలేను. కానీ ఓ నిమిషం తర్వాత ఆ ముఖంలో వేరే వెలుగొచ్చింది. "కొనేవాడు అడిగితే పొమ్మంటాడు. వాటాదారు అడిగితే చెప్పి తీరాలిగా?"

అప్పట్నుంచీ ఏటా కంపెనీ వార్షిక నివేదిక మెయిల్లో రాగానే మావారు తండ్రికి అచ్చుతీసి ఇవ్వాలి. మూడొందల పేజీల పైన ఉంటుంది. మామయ్యగారికి రంగురంగుల బొమ్మలక్కర్లేదు, ఛైర్మన్ సందేశం అక్కర్లేదు. వెనకెక్కడో ఖర్చుల పట్టీ కింద నోట్సులో ఆ ఒక్క వరస ఉందా లేదా అన్నదే కావాలి. మొన్నటి నివేదికలో ఎలక్టోరల్ ట్రస్టుకి ఇంత ఇచ్చామని ఉంది. ట్రస్టు అంటే పది కంపెనీల దగ్గర పోగుచేసి పార్టీలకి పంచేది. వచ్చినదాంట్లో తొంభై ఐదు శాతం ఆ ఏడాదే పంచేయాలి. ఎవరెంతిచ్చారో, ఏ పార్టీకెంత పోయిందో ఎన్నికల సంఘానికి లెక్క చెబుతుంది. అయితే పదిమంది పాలూ ఒకే బిందెలో పోశాక ఏ గ్లాసులోకి ఎవరి పాలొచ్చాయో ఎవరు చెప్పగలరు?

"మళ్లీ పెళ్లికొడుకుల పట్టీ వేరు, పెళ్లికూతుళ్ల పట్టీ వేరు" అన్నారు మామయ్యగారు. కానీ ఈసారి మందుల డబ్బా జోలికి పోలేదు. కాగితం తీసి ప్రశ్న రాశారు.

కంపెనీ వార్షిక సమావేశం ఇప్పుడు ఇంట్లో కూర్చునే కంప్యూటర్లో చూడొచ్చు. ముందుగా పేరు నమోదు చేసుకున్న వాటాదారుకి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడే అవకాశమిస్తారట. పేరు మావారిదే కాబట్టి చదవాల్సింది ఆయనే. ట్రస్టుని ఎందుకు ఎంచుకున్నారు, పార్టీని మీరే ఎందుకు చెప్పకూడదు, ఈ చందా వల్ల వాటాదారుకి ఒరిగిందేమిటి అని మూడు ముక్కలు. ఇరవై షేర్లవాడు ఇంత పెద్ద ప్రశ్న అడిగితే నవ్వుతారేమోనని మావారి భయం. పెళ్లిచూపుల్లో కూడా ఆయన నా ముఖం చూసి ఒక్క ప్రశ్న అడగలేదు లెండి.

సమావేశం వచ్చే గురువారం. మామయ్యగారు తన ఖద్దరు చొక్కా ఇస్త్రీకి ఇచ్చారు, తెరమీద కనబడేది కొడుకే అయినా. మావారు నిన్న రాత్రి అద్దం ముందు నిలబడి రెండుసార్లు చదువుకున్నారు. రెండోసారి గొంతు కాస్త పెగిలింది.